చరిత్ర మాస్టారి జవాబులు: ఢిల్లీలో 57 రోజులు

పోయిన నెల ఒకరు కోహినూర్ గురించి అడిగితే, జవాబులో "1739లో నాదిర్‌షా పట్టుకుపోయాడు" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. ముప్పై ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఈ పాఠం చెప్పినవాణ్ణి. సిలబస్ ప్రకారం దీనికి ఒక్కటే పీరియడ్. ఆ గంటలో నాదిర్‌షా ఏనాడూ ఢిల్లీకి ముందున్న కర్నాల్ దాటి ముందుకి రాలేదు, ఈలోపే బెల్లు కొట్టేసేవారు. ఇప్పుడు బెల్లు లేదు కనుక ఈ నెల శీర్షిక మొత్తం ఆయనకే ఇచ్చేస్తున్నాను.

ప్రశ్న: ఎక్కడో ఇరాన్‌లో ఉన్నవాడు ఢిల్లీ దాకా ఎందుకొచ్చాడు? డబ్బు కోసమేనా? (డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్)

డబ్బు కోసమేనమ్మా. కాకపోతే ఆ మాట పైకి అనకుండా ఉండటానికి అతనికి ఒక సాకు దొరికింది. ఆ సాకు ఇచ్చింది మనవాళ్లే.

నాదిర్ రాజుల ఇంట పుట్టినవాడు కాదు. ఖురాసాన్‌లో అఫ్షార్ తెగకి చెందిన ఒక పేద కుటుంబంలో పుట్టాడు. 1722లో అఫ్ఘాన్లు ఇస్ఫహాన్ నగరాన్ని పట్టుకోవడంతో ఇరాన్‌ని ఏలుతున్న సఫవీ రాజ్యం కుప్పకూలింది. తప్పించుకున్న సఫవీ రాకుమారుడు తహ్మాస్ప్ దగ్గర ఇతను చేరాడు, సేనాపతి అయ్యాడు, 1729లో అఫ్ఘాన్లను ఓడించాడు. 1732లో ఆ తహ్మాస్ప్‌నే దింపేసి అతని పసిబిడ్డని గద్దె మీద కూర్చోబెట్టాడు. 1736కి ఆ బిడ్డని కూడా పక్కకి నెట్టి తనే షా అయిపోయాడు. ఏడాది పొడవునా యుద్ధాలు చేసే సైన్యం అతనిది. అంత సైన్యానికి జీతాలివ్వాలి. ఇరాన్ అప్పటికే చితికిపోయి ఉంది, రైతుల దగ్గర పిండడానికి ఇంకేం మిగల్లేదు.

ఇక సాకు సంగతి. కాందహార్‌ను ముట్టడిస్తూ అతను ఢిల్లీలోని మొగలు దర్బారుకి రాయబారులని పంపాడు. ఓడిపోయిన అఫ్ఘాన్లు మీ కాబూల్ వైపు పారిపోయి వస్తారు, సరిహద్దు మూయండి అని అడిగాడు. మూస్తామన్నారు, మూయలేదు. మళ్లీ ఒకతన్ని పంపాడు. ఆ రాయబారిని నెలల తరబడి ఢిల్లీలోనే కూర్చోబెట్టారు, వెళ్లమని చెప్పలేదు, జవాబూ ఇవ్వలేదు. నిన్నటి దాకా ఎవరికీ తెలియని మనిషిని ఉత్తరంలో ఏ బిరుదుతో సంబోధించాలో దర్బారుకి తేలలేదని చెప్తారు. ఆఫీసుల్లో ఫైలు కదలకపోతే మనం విసుక్కుంటాం. ఇక్కడ కదలని ఫైలు ఖరీదు ఒక సామ్రాజ్యం.

1738 మార్చిలో కాందహార్ పడిపోయింది. ఆ వేసవికల్లా కాబూల్ కూడా అతని చేతిలోకి వచ్చింది.

ప్రశ్న: ఖైబర్ కనుమ దగ్గర కొద్దిమంది సైనికులున్నా ఆపొచ్చంటారు కదా. ఎందుకు ఆపలేకపోయారు? (మాజీ సైనికుడు, విజయనగరం)

మీరు సైన్యంలో పనిచేసినవారు కాబట్టి ఈ సంగతి మీకు ఇట్టే అర్థమవుతుంది. అక్కడి సైనికులకి ఏళ్ల తరబడి జీతాలు లేవు. కాబూల్, పెషావర్‌లకి సుబేదారుగా, అంటే రాష్ట్ర పాలకుడిగా, ఉన్న నాసిర్ ఖాన్ ఢిల్లీకి ఉత్తరం మీద ఉత్తరం రాశాడు. ఐదేళ్ల బకాయిల్లో కనీసం ఒక్క ఏడాది జీతమైనా పంపండి, వాళ్లకి మొహం చూపించలేకపోతున్నానని మొరపెట్టుకున్నాడు. అక్కడి నుంచి వచ్చింది వెక్కిరింపే, డబ్బు రాలేదు.

అయినా అతను ఖైబర్ ముఖద్వారాన్ని కాపు కాశాడు. నాదిర్ ఆ దారిన వస్తే కదా! కొండజాతివాళ్లని దారి చూపించమని, గుర్రపు దండుతో రాత్రికి రాత్రి పక్క కనుమలోంచి దాటి, 1738 నవంబర్ 26న నాసిర్ ఖాన్ వీపు మీద పడ్డాడు. సైనిక చరిత్ర చదివేవాళ్లు ఈ ఒక్క నడకనీ ఇప్పటికీ మెచ్చుకుంటారు. ఆ తర్వాత పెషావర్, అటక్ దగ్గర సింధు నది, లాహోర్ వరసగా చేజిక్కాయి. లాహోర్ సుబేదారు జకరియా ఖాన్ కాసేపు పోరాడి, 20 లక్షలిచ్చి ఊరిని కాపాడుకున్నాడు. నాదిర్ అతన్ని అదే ఉద్యోగంలో ఉంచాడు.

ప్రశ్న: మా తాతగారు "నాదిర్‌షాకి ఉత్తరం రాసి పిలిపించింది మన నిజామే" అనేవారు. నిజామా, అబద్ధమా? (హైదరాబాద్ పాతబస్తీ పాఠకుడు)

మీ తాతగారు కల్పించింది కాదండీ ఇది, ఆనాటి ఢిల్లీ బజార్లలోనే పుట్టిన మాట. అసఫ్‌జాహీ వంశాన్ని మొదలుపెట్టిన నిజాముల్ముల్క్, అవధ్ సుబేదారు సాదత్ ఖాన్ ఇద్దరూ కలిసి నాదిర్‌ని రప్పించారని అప్పుడే చెప్పుకున్నారు. అలాంటి ఉత్తరం ఏదీ ఇంతవరకు బయటపడలేదు. నా మట్టుకు నేను నమ్మను. నాదిర్ దండయాత్రల వరస చూస్తే అతనికి ఒకరు పిలవాల్సిన పని లేదని తెలిసిపోతుంది. అయితే నిజాం చేతులు కడిగిన ముత్యాలని కూడా అనను. అసలు జరిగింది పిలుపుల కంటే అన్యాయం. కాస్త వివరంగా చెప్తాను.

అప్పటికి నిజాం వయసు అరవై ఏడు. ఔరంగజేబు కొలువు చూసిన మనిషి. పాత పద్ధతిలో వంగి వంగి సలాములు చేస్తుంటే, దర్బారులోని కుర్రకారు "దక్కన్ కోతి" అని నవ్వుకునేవారట. ఆ నవ్వేవాళ్ల వెనక ఉన్న పెద్దమనిషి ఖాన్ దౌరాన్. అతను మీర్ బక్షీ, అంటే సైన్యం జీతాలూ నియామకాలూ అన్నీ చూసే ఉద్యోగం. ఈ పదవిని గుర్తుపెట్టుకోండి, కథంతా దీని చుట్టూనే తిరుగుతుంది. వజీరు కమ్రుద్దీన్ ఖాన్ ఇంకొకడు. వీళ్లంతా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేని స్థితిలో, మహమ్మద్‌షా చక్రవర్తిని వెంటబెట్టుకుని, ఢిల్లీకి ఉత్తరంగా కర్నాల్ దగ్గర డేరాలు వేసి కూర్చున్నారు. మట్టిగోడ కట్టుకుని, దాని వెనక ఫిరంగులు పెట్టుకుని సాదత్ ఖాన్ కోసం ఎదురుచూశారు.

సాదత్ ఖాన్ అవధ్ నుంచి పరుగు పరుగున వచ్చాడు. కాలికి పుండు. సరిగ్గా నిలబడలేడు. 1739 ఫిబ్రవరి 24న చక్రవర్తి డేరాలో కూర్చుని మాట్లాడుతుండగా కబురొచ్చింది: వెనక వస్తున్న తన సామాన్ల బళ్లనీ ఒంటెలనీ పారసీకులు దోచుకుంటున్నారు. అంతే, ఆవేశం ఆగలేదు. గుర్రాలు అలసిపోయి ఉన్నాయి, ఈ పూట వద్దు అని నిజాం చెప్పినా వినలేదు. దొరికిన కొద్దిమందితో బయటికి దూకాడు. పారసీక గుర్రపువాళ్లు కాసేపు తలపడి వెనక్కి పరిగెత్తారు. గెలుస్తున్నాననుకుని ఇతను వెంటపడ్డాడు. సాయానికి ఖాన్ దౌరాన్ ఇంకో దండుతో బయల్దేరాడు. ఆ పరుగు పన్నాగం. వెనక దాక్కున్న తుపాకులవాళ్లూ, ఒంటెల మీద బిగించిన చిన్న ఫిరంగులూ ఒక్కసారిగా పేలాయి. ఆ ఫిరంగుల్ని జంబూరక్ అంటారు, కందిరీగ అనే అర్థం వచ్చే మాట అది. మన సర్దారులంతా ఏనుగుల మీద ఎత్తుగా కూర్చుని ఉన్నారు. గురి చూడక్కర్లేదు కూడా.

మూడు గంటల్లో అయిపోయింది. ఖాన్ దౌరాన్ తీవ్రంగా గాయపడి డేరాకి చేరాడు, ఆ గాయాలతోనే పోయాడు. సాదత్ ఖాన్ దొరికిపోయాడు. అతను దొరికిన తీరు మా క్లాసులో పిల్లలకి బాగా నచ్చేది. సాదత్ ఖాన్ పుట్టింది ఖురాసాన్‌లోని నిషాపూర్. పారసీక సైన్యంలో ఉన్న నిషాపూర్ కుర్రాడొకడు ఇతన్ని గుర్తుపట్టి, పాత పేరుతో పిలిచి, పిచ్చి పట్టిందా, ఎవరితో కొట్లాడుతున్నావు అన్నాడట. బల్లెం నేలలో గుచ్చి, గుర్రాన్ని దానికి కట్టేసి, ఏనుగు పక్కన వేలాడుతున్న తాడు పట్టుకుని అంబారీలోకి ఎక్కేశాడట. ఊరివాడు ఎక్కి వచ్చి పక్కన కూర్చుంటే ఇంకేం యుద్ధం చేస్తాడు?

ఇదంతా జరుగుతుంటే నిజాం సైన్యం కదల్లేదు. కాలవ అడ్డముందని, పొద్దు వాలిందని, రకరకాల కారణాలు చెప్తారు. నా ఉద్దేశంలో ఒకటే కారణం: తనని కోతి అన్నవాడు చావబోతుంటే పరుగెత్తుకెళ్లేంత మంచితనం ఆ ముసలాయనకి లేదు.

సరే, మరుసటి రోజుల్లో రాయబారానికి వెళ్లింది మాత్రం నిజామే. బాగా మాట్లాడాడు కూడా. 50 లక్షలకి బేరం కుదిర్చాడు. 20 లక్షలు అక్కడికక్కడే, మిగతాది లాహోర్‌లో, అటక్‌లో, కాబూల్‌లో తలా పది లక్షల చొప్పున. నాదిర్ వెనక్కి తిరిగి వెళ్లిపోతాడు. ఢిల్లీ దాకా రాడు.

ఇక్కడ కథ ఆగిపోవాల్సింది. ఆగలేదు. ఖాన్ దౌరాన్ చనిపోయాడు కదా, మీర్ బక్షీ పదవి ఖాళీ అయింది. చక్రవర్తి దాన్ని నిజాంకి ఇచ్చేశాడు. ఆ పదవి మీద ఎప్పటి నుంచో కన్నేసిన సాదత్ ఖాన్ బందీగా నాదిర్ శిబిరంలోనే ఉన్నాడు. కబురు విని రగిలిపోయాడు. నేరుగా నాదిర్ దగ్గరికెళ్లి, 50 లక్షలేమిటి, అంతయితే నేనొక్కణ్ణే ఇవ్వగలను, ఢిల్లీ వెళ్తే 20 కోట్లు దొరుకుతాయన్నాడు. నాదిర్ నిజాంని మళ్లీ పిలిపించి బందీ చేశాడు. తర్వాత చక్రవర్తిని రప్పించాడు. నాయకుడే లేని శిబిరం దానంతటదే చెదిరిపోయింది.

సాదత్ ఖాన్ చెప్పకపోతే నాదిర్ నిజంగా వెనక్కి పోయేవాడా? ఢిల్లీకి రెండు మూడు మజిలీల దూరంలో నిలబడ్డవాడు 50 లక్షలు జేబులో వేసుకుని వెళ్లిపోతాడంటే నాకూ అనుమానమే. కానీ దారి చూపించిన వేలు ఒకటుందిగా. ఆ వేలు నిజాంది కాదని మీ తాతగారికి నా తరఫున చెప్పండి, ఉంటే. సాదత్ ఖాన్ మాట ఇచ్చిన 20 కోట్లూ సమకూర్చలేక నాదిర్ ఢిల్లీ చేరిన వేళలోనే చనిపోయాడు. విషం తాగాడని చాలామంది రాశారు.

ప్రశ్న: మహమ్మద్‌షా తాగి పాటలు వింటూ కూర్చోవడం వల్లే ఇదంతా జరిగిందా? "ఢిల్లీ ఇంకా దూరమే" అన్నది ఆయనేనా? (ఏలూరు)

ఆ మాట ఆయనది కాదు. అది నాలుగు వందల ఏళ్ల ముందటిది, గియాసుద్దీన్ తుగ్లక్ ఢిల్లీకి వస్తున్నాడంటే నిజాముద్దీన్ ఔలియా అన్నాడని చెప్పే మాట. తర్వాత దాన్ని మహమ్మద్‌షా నోట్లో పెట్టారు.

పాటలు విన్న మాట నిజం. ఆయన కొలువులోనే సదారంగ్ ఖయాల్ సంగీతాన్ని తీర్చిదిద్దాడు. ఈరోజు హిందుస్తానీ కచేరీలో పాడే ఎన్నో బందిష్‌లలో, అంటే పాటల్లో, సదారంగ్ పేరూ, మహమ్మద్‌షా పేరూ వినిపిస్తాయి. ఇక రాజ్యం సంగతి: 1707లో ఔరంగజేబు పోయాక పన్నెండేళ్లలో ఢిల్లీ గద్దె మీదికి ఎంతమంది వచ్చారో లెక్కపెట్టండి, ఈయనతో కలిపి ఆరుగురు. ముందున్న ఫరూఖ్‌సియర్‌ని సొంత మంత్రులే కళ్లు పొడిపించి చంపించారు. పదిహేడేళ్ల కుర్రాడిగా గద్దె ఎక్కి ఇరవై తొమ్మిదేళ్లు ప్రాణాలతో నిలబడ్డాడంటే, ఆయన అంత తెలివితక్కువవాడేం కాదు. నాకు ఆయన మీద కొంచెం జాలి, దాచుకోను.

ప్రశ్న: ఒక పుకారు వల్ల వేలమందిని చంపించాడని చదివాను. నమ్మబుద్ధి కాలేదు. (గృహిణి, నెల్లూరు)

పుకారుకి ముందు ధాన్యం ధర ఉందండి. ఇంటి ఖర్చు చూసుకునేవాళ్లకి ఈ భాగం త్వరగా అర్థమవుతుంది.

1739 మార్చి 20న నాదిర్ ఢిల్లీలోకి వచ్చాడు. మర్నాడు బక్రీదు, అదే రోజు పారసీకుల కొత్త సంవత్సరం నౌరోజు. మసీదుల్లో ఖుత్బా, అంటే పాలకుడి పేరు తలిచే ప్రసంగం, అతని పేరు మీద చదివారు. వచ్చిన సైన్యం తినాలి కదా. ధాన్యానికి ఇంత ధర అని నాదిర్ మనుషులు కట్టారు. అది గిట్టుబాటు కాదని పహార్‌గంజ్ వర్తకులు ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి, జనం పోగై, ఆ సైనికులని చంపేశారు. సరిగ్గా ఆ సాయంత్రమే నాదిర్ చచ్చిపోయాడని పుకారు లేచింది. కోటలో ఒక కావలి స్త్రీ తుపాకీతో కాల్చిందని కొందరు, విషమని కొందరు. ఇక రాత్రంతా సందుల్లో ఒంటరిగా దొరికిన పారసీక సైనికులని దొరికినట్టు చంపారు. మన ప్రభువులు కొందరు తమ ఇళ్లకి కావలి కోసం తెచ్చుకున్న పారసీక సైనికులని కూడా జనానికి అప్పగించేశారని రాశారు.

మార్చి 22 పొద్దున నాదిర్ గుర్రమెక్కి చాందినీ చౌక్‌కి వచ్చాడు. కొత్వాలి పక్కనున్న సునహరీ మసీదులో కూర్చుని కత్తి దూశాడు. అది గుర్తు. తన మనిషి ఒక్కడు చచ్చిన పేటలో కూడా ఎవరినీ వదలొద్దన్నాడు. పొద్దున సుమారు తొమ్మిదింటికి మొదలై మధ్యాహ్నం దాకా సాగింది. చాందినీ చౌక్, దరీబా, జామా మసీదు చుట్టుపక్కల, అటు పహార్‌గంజ్. మహమ్మద్‌షా పంపగా నిజామూ వజీరూ వచ్చి వేడుకున్నాక కత్తి ఒరలో పెట్టాడు. పెట్టగానే ఆగిపోయిందట. అన్నిటికంటే నన్ను భయపెట్టేది ఈ సంగతే. కోపంతో ఊగిపోతున్న గుంపు అలా ఆగదు, క్రమశిక్షణ ఉన్న సైన్యమే ఆగుతుంది.

ఎంతమంది? 20 వేల నుంచి 30 వేల మధ్య అని చాలామంది చరిత్రకారులు ఒప్పుకుంటారు. లక్ష దాటించినవాళ్లూ ఉన్నారు, దాన్ని పట్టించుకోకండి. అప్పుడు ఢిల్లీలోనే ఉన్న ఆనంద్‌రామ్ ముఖ్లిస్ అనే మున్షీ ఫారసీలో రాసిపెట్టాడు. తోటలో దారుల మీద ఎండుటాకులు రాలి పడి ఉన్నట్టు వీధుల్లో శవాలు చాలాకాలం పడి ఉన్నాయంటాడు.

ఒక్క మాట. ఇదంతా చదివి ఏదో ఒక మతం మీద కోపం తెచ్చుకునేవాళ్లుంటారు. కత్తి దూసింది మసీదులో, బక్రీదు మర్నాడు. చచ్చినవాళ్లలో హిందువులూ ఉన్నారు, ముస్లిములూ ఉన్నారు. శవాలని విడదీసే ఓపిక ఎవరికీ లేక కుప్పలుగా పోసి తగలబెట్టారు.

ప్రశ్న: తలపాగాలు మార్చుకుని కోహినూర్ కొట్టేశాడన్న కథ నిజమేనా? (చాలామంది)

కథ బాగుంటుంది. అంతఃపుర స్త్రీ ఒకరు రహస్యం చెప్పేసిందని, చక్రవర్తి తలపాగాలో వజ్రం దాచాడని, "మనం సోదరులం, తలపాగాలు మార్చుకుందాం" అని నాదిర్ అన్నాడని. ఆ రాత్రి విప్పి చూసి "కోహినూర్!" అన్నాడట, కాంతి పర్వతం అని.

ఆ రోజుల్లో రాసినవాళ్లెవరూ ఈ ముచ్చట చెప్పలేదు. తర్వాతెప్పుడో అల్లుకున్నది. కోహినూర్‌ని పేరుపెట్టి రాసిన మొదటివాళ్లలో ఒకడైన పారసీక చరిత్రకారుడు మర్వీ, అది నెమలి సింహాసనం పైభాగంలో పొదిగి ఉందంటాడు. సింహాసనమే తీసుకుపోతున్నవాడికి తలపాగాతో పనేముంది? అయితే మే నెలలో వెళ్లేముందు దర్బారు పెట్టి నాదిర్ తన చేత్తోనే మహమ్మద్‌షా తలకి మళ్లీ కిరీటం పెట్టాడు. సింధు నదికి పడమటి వైపు భూములన్నీ తనకి రాయించుకున్నాడు. ఆ తలపాగా కథ ఈ తంతు నుంచే పుట్టి ఉంటుందని నా ఊహ. ఊహ మాత్రమే, పరీక్షలో రాయకండి.

ప్రశ్న: కోహినూర్ మా కొల్లూరు గనిలో దొరికిందే కదా? (పల్నాడు జిల్లా)

గోల్కొండ రాజ్యపు వజ్రమని ఎక్కువమంది అంగీకరిస్తారు. కొల్లూరు అని గట్టిగా చెప్పే కాగితం లేదు, సంప్రదాయంగా వస్తున్న మాట. గని చోటు ఇప్పుడు పులిచింతల నీళ్లలో ఉంది. కోహినూర్‌తో పాటే పోయిన దర్యా-ఎ-నూర్ అనే లేత గులాబీ రంగు వజ్రం కూడా గోల్కొండదే. అది టెహ్రాన్‌లో, ఇరాన్ కేంద్ర బ్యాంకు ఖజానాలో భద్రంగా ఉంది.

ప్రశ్న: మరి నెమలి సింహాసనం? (రాజమండ్రి)

నాదిర్ చంపబడ్డాక ముక్కలైపోయింది. ఇరాన్‌లో ఇప్పుడు అదే పేరుతో చూపించేది తర్వాతి కాలంలో ఫతే అలీ షా చేయించుకున్నది. షాజహాన్ ఏడేళ్లు చేయించి 1635లో ఎక్కిన సింహాసనానికి బొమ్మలూ వర్ణనలే మిగిలాయి.

ప్రశ్న: బాజీరావు పీష్వా ఏం చేస్తున్నాడప్పుడు? (నిజామాబాద్)

రెండేళ్ల ముందు, 1737లో, ఆయనే ఢిల్లీ పొలిమేర దాకా వెళ్లి భయపెట్టి వచ్చాడు. ఆ ఏడాది చివర్లోనే భోపాల్ దగ్గర నిజాంని చుట్టుముట్టి లొంగదీశాడు. నిజాం కర్నాల్‌లో అంత నీరసంగా ఎందుకున్నాడంటే అందులో ఈ దెబ్బ కూడా ఒకటి. నాదిర్ వార్త అందగానే బాజీరావు, మన ఇంటి తగాదాలు ఇప్పుడు లెక్కలోవి కావు, హిందుస్తాన్‌కి ఇక ఒక్కడే శత్రువు, హిందువులూ ముస్లిములూ దక్కన్ మొత్తం కూడాలని రాశాడు. మంచి ఉత్తరం. కానీ ఆయన తమ్ముడు చిమాజీ అప్పా సేనలు పోర్చుగీసువారి వసాయి కోట ముట్టడిలో ఇరుక్కుని ఉన్నాయి. ఆ కోట 1739 మే నెలలో పడింది. అదే నెల 16న నాదిర్ ఢిల్లీ వదిలాడు.

ప్రశ్న: మొత్తం ఎంత పట్టుకుపోయాడు? దాంతో వాడైనా బాగుపడ్డాడా? (బ్యాంకు ఉద్యోగి, ఖమ్మం)

లెక్క అడిగింది బ్యాంకు ఉద్యోగి కాబట్టి జాగ్రత్తగా చెప్తాను. 70 కోట్ల రూపాయలని ఎక్కువగా ఉదహరిస్తారు. అందులో నగదు తక్కువ, నగలూ రత్నాలూ ఎక్కువ. రత్నానికి ధర కట్టేది ఎవరు? అందుకే ఈ అంకెలు ఏ రెండూ కలవవు. ఆనంద్‌రామ్ ముఖ్లిస్ మాత్రం అంకె జోలికి పోకుండా, 348 ఏళ్లు కూడబెట్టిన సొమ్ము క్షణంలో చేతులు మారిందన్నాడు. ఏనుగులు, గుర్రాలు, ఒంటెలు సరే, వందల కొద్దీ వడ్రంగులనీ, కమ్మరులనీ, తాపీ పనివాళ్లనీ, రాళ్లు చెక్కేవాళ్లనీ కూడా వెంటబెట్టుకుపోయాడు. చాలామంది దారిలోనే జారుకున్నారని చెప్తారు, నాకు సంతోషం.

తిరుగు ప్రయాణంలో చీనాబ్ నది దగ్గర జరిగింది వినండి. ఢిల్లీలో సైనికులు ఎవరికి వారు దాచుకున్న నగలన్నీ ఖజానాకి చెందాలని నాదిర్ ఉత్తర్వు వేశాడు. నది దాటే చోట ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి మూటలు, జీనులు విప్పించి సోదా చేయించాడు. ఒళ్లు మండిన సైనికులు కొందరు నగలని నదిలోకి విసిరేశారట, కొందరు ఒడ్డున పాతిపెట్టారట.

ఇరాన్ ప్రజలకి మూడేళ్ల పన్ను మాఫీ చేశాడు. చేసినప్పుడు అంతా పొగిడారు. తర్వాత యుద్ధాలు మళ్లీ మొదలయ్యాయి, దాగెస్తాన్ కొండల్లో దెబ్బతిన్నాడు, మునుపటికంటే ఘోరంగా పన్నులు పిండాడు. ఢిల్లీ సొమ్ము కోటలో మూలుగుతూనే ఉంది, ఖర్చు పెట్టడానికి చేతులు రాలేదు. ఢిల్లీ నుంచి అతను తీసుకెళ్లినవాళ్లలో మహమ్మద్‌షా వైద్యుడు అలవీ ఖాన్ ఒకడు. ఒంటి జబ్బుతో పాటు నాదిర్ కోపాన్ని కూడా ఆయన అదుపులో పెట్టాడంటారు. ముందే మాట తీసుకున్నట్టుగా ఆ వైద్యుడు మక్కా యాత్రకి సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాతే నాదిర్, తనని చంపించబోయాడన్న అనుమానంతో, కన్నకొడుకు రెజా ఖులీ కళ్లు పీకించాడు. 1747 జూన్‌లో సొంత కావలి సర్దారులే రాత్రి డేరాలో దూరి అతన్ని నరికేశారు.

మహమ్మద్‌షా అతనికంటే పది నెలలు ఎక్కువ బతికాడు. నాదిర్ దగ్గర పనిచేసి కోహినూర్ చేజిక్కించుకున్న అహ్మద్‌షా అబ్దాలీ 1748లో పంజాబ్ మీదికి వస్తే, మనుపూర్ దగ్గర ఈ పాటల చక్రవర్తి సైన్యమే అతన్ని వెనక్కి తరిమింది కూడా. ఆ యుద్ధంలో వజీరు కమ్రుద్దీన్ ఖాన్ డేరాలో ఉండగా ఫిరంగి గుండు తగిలి చనిపోయాడు. ఏప్రిల్‌లో చక్రవర్తి పోయాడు, జూన్‌లో బుర్హాన్‌పూర్‌లో నిజాం. కర్నాల్ డేరాల్లో కూర్చున్నవాళ్లలో మిగిలిన పేరున్న పెద్దలంతా అలా ఒక్క ఏడాదిలో వెళ్లిపోయారు. అబ్దాలీ మాత్రం దారి నేర్చుకున్నాడు, మళ్లీ మళ్లీ వచ్చాడు.

ప్రశ్న: ఢిల్లీ వెళ్తున్నాం. నాదిర్‌షా కూర్చున్న ఆ మసీదు ఇంకా ఉందా? (రిటైర్డ్ టీచరు దంపతులు, తిరుపతి)

ఉంది. చాందినీ చౌక్‌లో సీస్‌గంజ్ గురుద్వారా ఎక్కడని అడగండి, ఎవరైనా చెప్తారు. దానికి ఆనుకునే ఉంటుంది. తల ఎత్తి చూడకపోతే కనిపించదు, ఎందుకంటే మసీదు పైన ఉంటుంది. 1720ల మొదట్లో రోషనుద్దౌలా అనే ప్రభువు కట్టించాడు. మూడు గుమ్మటాలకి బంగారు పూత ఉండేది, అందుకే సునహరీ.

మెట్లు ఇరుకు, ఎత్తు కూడా. మోకాళ్ల నొప్పులుంటే ఒకరు కిందే ఆగండి. నేను వెళ్లినప్పుడు నమాజు వేళ కాదు, ఒక పెద్దాయన మాత్రం గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నాడు. నేననుకున్నదానికంటే చాలా చిన్నది. ఒక సామ్రాజ్యాన్ని కూల్చినవాడు కూర్చున్న చోటంటే ఏదో విశాలంగా ఊహించుకున్నాను. మా కాలేజీ స్టాఫ్ రూమ్‌కి కాస్త పెద్దదంతే. అంచున నిలబడితే కింద చాందినీ చౌక్ మొత్తం, మనిషి మీద మనిషి. అప్పుడు నాకు నిజాం, వజీరు ఈ మెట్లే ఎక్కి వచ్చారు కదా అని తోచింది. అరవై ఏడేళ్ల మనిషి, ఆ పూట, ఈ మెట్లు. నాకప్పుడు అరవై రెండు. పైకి చేరేసరికి రెండు చోట్ల ఆగాను.

ఫొటో తీసుకోవాలంటే ముందు అడగండి. చెప్పులు చేత్తో పట్టుకునే ఎక్కండి, కింద వదిలి నేను పడిన పాట్లు మీరు పడొద్దు.